వంగతోటలో ఒక ‘కల్’

కంప్యూటరుకు అబద్ధం చెప్పి, ఆ తప్పును మా మేనత్త నెత్తిన రుద్దిన తెలివితక్కువవాణ్ణి నేను. మొన్న మనవరాలు, కరివేపాకు కుండీకి నీళ్లెప్పుడు పోయాలో చెప్పే యాప్ ఫోనులో పెట్టుకుని “తాతా, పానీ కబ్?” అని, నీళ్లెప్పుడని అడిగేసరికి, నోటిదాకా వచ్చిన ‘కల్’ గొంతులోనే ఆగిపోయింది.

హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగువాడికి ఇది ఒకరు చెప్పాలా? ఆ రోజుల్లో నేను రైతులకు నీటి పొదుపు నేర్పే కాంట్రాక్టు ఉద్యోగిని. నేల, ఎండ, ఆఖరి తడి ఎప్పుడో అడిగి, మళ్లీ తడి ఎప్పుడివ్వాలో లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాం, పంట నమూనా, నా చేతిలో ఉండేది, పొగరు తలలో ఉండేది. మా ఊళ్లోనే భుయ్యాడీహ్ దగ్గర, సువర్ణరేఖ నది ఒడ్డున వంగతోట వేసి, దానిమీదే బతుకుతున్న మేనత్తను, పక్కన మా ఆఫీసు పెద్దసారు ఉన్నాడు కదా అని, దొరబాబులా హిందీలో “పానీ కబ్?” అని అడిగాను. “కల్” అంది. పంపు వంతు రేపని ఆవిడ మాట. తడి నిన్ననే అయిందని నా రాత. ఇంకో వారం నీళ్లక్కర్లేదని తేల్చింది నమూనా.

“ఏటల్లుడూ, ఆకు వాడిపోతంటే నీళ్లొద్దంతావేటి?”

“పెట్టె తప్పు చెప్పదత్తా.”

నన్ను నమ్మి వంతు వదులుకుంది. కల్ కాస్తా కల్లయింది. వారానికి వంగంతా వంగిపోయింది.

‘రైతు తప్పుడు సమాచారం ఇచ్చెను’ అని సారు రాసిన కాగితం కింద, ఉద్యోగం పోతుందన్న భయంతో నేనూ సంతకం పెట్టాను. అత్త మాత్రం, “మొక్కలే కదరా వంగినాయి, నువ్వు తలొంచుకోకు” అంది. ఆనాడు వంగిన తల ఈనాటికీ పూర్తిగా లేవలేదు.

ఇప్పుడా ఒడ్డున తోట లేదు, అన్నీ ఇళ్లే, అత్తా లేదు, మనవరాలికి నిన్నకూ రేపుకూ ఒకటే మాట. ఒక్క చిన్న కక్ష మాత్రం ఆ రోజుల్లోనే తీర్చుకున్నాను. మరుసటి ఏడు అదే తోటలో, అదే నమూనాతో, ఈసారి ‘నిన్నా? రేపా?’ అని తెలుగులో అడిగి, మట్టి గుప్పెట పట్టి చూసి, తక్కువ తడులతో నిండుగా కాయించి, అందరికీ శిక్షణ ఇచ్చాం. అది ముగిసిన మర్నాడు సారు ఫోను చేసి, ట్రైనింగ్ కబ్ అన్నాడు. “కల్, సర్” అన్నాను.

తెల్లారి పూలదండతో, ఫొటోగ్రాఫరుతో తోటకొచ్చి, ట్రైనింగ్ కబ్ అని అత్తనే అడిగాడట. మొక్కలకు నీళ్లు కడుతున్న ఆవిడ, అదయ్యి రెండు రోజులైనా, తలెత్తకుండా “కల్” అందట.

ఆ మర్నాడూ వచ్చాడు.