ముందు బ్రేకు ఏ చేతికి

సైకిల్ మెకానిక్ కాకను కొట్టిన రోజు నా నోట్లో రెండు పళ్లు లేవు. అది ముందే చెప్తే నా మీద కొంచెం జాలి కలుగుతుందేమోనని చెప్తున్నాను. కలగకూడదు.

నాది చెయ్యి ముందు, మాట తర్వాత. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని. రోజూ మోటార్ సైకిల్ మీద పోయి వచ్చేవాణ్ణి. షిఫ్టు అయ్యాక కూడా చెవుల్లో ఇనుప చప్పుడు మిగిలేది. అది వదిలించుకోవడానికి పొద్దున పూట సైకిల్ తొక్కేవాణ్ణి. సన్న టైర్లు, వంగిన హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్ అది. హైదరాబాద్‌లో ఎవరో విదేశం నుంచి తెచ్చుకుని, వాడి, అమ్మేశారు. తొక్కితే ఉరికేది, బ్రేకు పడితే ఆగేది కాదు.

ఒకసారి హైవే మీద ముందు పోతున్న చెరుకు ట్రాక్టర్ ఆగింది. రెండు బ్రేకులూ పిండి పిండి చివరికి చెరుకు గడల్లోకే దూరాను. ఒక గడ చెవి కింద చీరింది. లేచి ఆ డ్రైవర్ని కాలర్ పట్టి కిందికి గుంజి చెంపలు వాయించాను. బక్క మనిషి. ‘‘రోడ్డు మీద ఆగొద్దా అన్నా?’’ అని అడుగుతూనే దెబ్బలు తిన్నాడు. ఇంటికొచ్చి కొత్త బ్రేకులకు ఆర్డర్ పెట్టాను. తప్పంతా పాత బ్రేకులదే అనుకున్నాను.

కాక షాపు బస్టాండ్ వెనక ఒక రేకుల డబ్బా. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. ఉన్న కుడి కంటితోనే పనంతా. చక్రం తిప్పి, మెడ పక్కకు వంచి, కోడిలా ఒక్క కంటితో చూసి రిమ్ములో వంకర ఎక్కడుందో చెప్పేవాడు.

కొత్త బ్రేకులు చూసి మురిసిపోయాడు. ‘‘ఇవి పట్టినయంటే ఇడువయి బిడ్డా’’ అన్నాడు. పాతవి విప్పి సామాను డబ్బాలో పడేశాడు. కొత్తవి బిగించి, ముందు చక్రం వైరును కుడిచేతి వైపు కలిపాడు. మన దగ్గర ఏ సైకిల్‌కైనా అంతే. కానీ ఇది వచ్చినప్పటి నుంచీ ముందు బ్రేకు ఎడమచేతికే ఉంది. నేనప్పటికే ఫోన్లో వీడియోలు చూసి పండితుణ్ణయిపోయాను. మండిపడ్డాను.

‘‘గిది ఊర్ల తిరిగే సైకిల్ అనుకున్నవా కాకా? ఎట్ల వచ్చిందో అట్లనే పెట్టు.’’

‘‘జర ఇను. నువ్వు దినాం బండి నడుపుతవ్. నీ ఎడమ చెయ్యి క్లచ్చు చెయ్యి. భయమైతే పూరా పిండుతది. పాత బ్రేకులకు జోరు లేకుండె, నడిచింది. ఇవి గట్ల కాదు. ముందు చక్రం బందయితే నువ్వు ఎగిరి పడ్తవ్.’’

‘‘చెప్పింది చెయ్యి. ఒక్క కన్నేనాయె నీకు, సగమే కనిపిస్తది.’’

ఆ మాట నేనే అన్నాను. పక్కనున్న చాయ్ హోటల్ ఆయన తలతిప్పి నా వైపు చూశాడు. కాక వైర్లు విప్పి నేను చెప్పినట్టే బిగించాడు.

మర్నాడు పొద్దున ఝరాసంగం నుంచి తిరిగొస్తున్నాను. దిగుడులో మంచి వేగం మీదున్నాను. ముందు పోతున్న షేర్ ఆటో, చెయ్యెత్తిన ఒక ముసలమ్మ కోసం ఉన్నపళంగా ఆగింది. రెండు చేతులూ బిగించాను. ఎడమ చెయ్యి క్లచ్చు పట్టినట్టు మొత్తం పిండేసింది. ముందు చక్రం ఉన్నచోటే నిలిచిపోయింది, నేను దాని మీదుగా లేచిపోయాను. గడ్డం తారుకు కొట్టుకుంది. నోట్లో ఏదో గులకరాయిలా తగిలితే ఉమ్మేశాను. పన్ను. దాని వెనకే ఇంకొకటి. మోచేతి చర్మం రోడ్డు మీదే ఉండిపోయింది.

ఆ ఆటో ఆయనే నన్నూ సైకిల్‌నీ ఎక్కించుకున్నాడు. దవాఖానకు పోదామన్నాడు. ముందు బస్టాండ్‌కు పోనిమ్మన్నాను. దారి పొడుగునా రక్తం మింగుతూ, ఈసారి తప్పంతా బిగించినవాడిదే అనుకుంటూ, కాకను ఎక్కడ కొట్టాలా అని ఆలోచించాను.

కాక ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నన్ను చూసి ‘‘అయ్యో బిడ్డా’’ అంటూ లేవబోయాడు. సామాను డబ్బాలో పైనే ఉన్న నా పాత బ్రేకు చేతికి దొరికింది. దాన్ని పిడికిట్లో బిగించి మొహం మీద గుద్దాను. ఒకటి కాదు, మూడు. మొదటి దెబ్బకే తొట్టి మీద పడ్డాడు. మిగతా రెండూ పడ్డ మనిషిని కొట్టినవే. మూడోదానికి కుడి కన్ను పక్కన చీలి, రక్తం కంట్లోకి కారి, కనుగుడ్డు కనబడకుండా పోయింది. తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి.

చాయ్ హోటల్ ఆయన ఉరికొచ్చి నా మెడ పట్టి రేకు గోడకు అదిమాడు. ‘‘నిన్న లొల్లి పెట్టి ఎడమ దిక్కు పెట్టిచ్చుకున్నది నువ్వే గదరా! ఆయన వద్దు వద్దంటే ఇన్నవా?’’

నా ఎడమ చేతి వైపు చూసుకున్నాను. వేళ్లు ఇంకా బ్రేకు పట్టినట్టే ముడుచుకుని ఉన్నాయి. కాక నేల తడుముతూ, ‘‘చీకటైందేంది? ఎవరున్నరు ఈడ?’’ అని అడుగుతున్నాడు. అప్పుడు పొద్దున ఎనిమిది గంటలు.

పెద్ద దవాఖానలో కుట్లు వేసి కంటికి కట్టు కట్టారు. కట్టు విప్పితేగానీ చూపు సంగతి చెప్పలేమన్నారు. కాక భార్య నన్ను వార్డు బయట పట్టుకుని చెప్పు తీసి కొట్టింది. ‘‘మా ముసలోనికి ఉన్నదే ఒక్క కన్ను. నీ పండ్లు పోతే కట్టిచ్చుకుంటవ్. కన్ను కట్టిచ్చి తెస్తవా?’’ ఇంకో నాలుగు కొడితే బాగుండు అనిపించింది. ఆమె చెప్పు కింద పడేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

పోలీసులు అడిగితే కాక, పని చేస్తుంటే స్ప్రింగు ఎగిరి తగిలిందన్నాడు. అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. ‘‘నువ్వు లోపలుంటే నా మందులు ఎవడు తెస్తడు?’’ అన్నాడు. కట్టు కింద ఆ మొహం నవ్వుతోందో లేదో నాకు తెలియలేదు.

కట్టు విప్పే రోజు కూడా నేనే తోడు పోయాను. డాక్టరు చెయ్యెత్తి ఎన్ని వేళ్లని అడిగాడు. కాక మెడ ఒక పక్కకు వంచాడు, మళ్లీ రెండో పక్కకు వంచాడు. చివరికి ‘‘మూడు’’ అన్నాడు. మూడే. నేను అక్కడే నేల మీద కూలబడి, పళ్లు లేని నోటితో సిగ్గు లేకుండా ఏడ్చాను. కాసేపటికి లేచి, ఆయన్ని మంచం మీంచి దింపుదామని చెయ్యి చాపాను. కాక ఆ చేతిని చూశాడు. చూసి, కన్ను గట్టిగా మూసుకుని మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు నా సైకిల్‌కు ముందు బ్రేకు కుడిచేతికే ఉంది. కాకే మార్చాడు. ఎప్పుడు షాపుకు పోయినా నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన కన్ను ఉన్న వైపే నిలబడతాను. చక్రం తిప్పి, మెడ వంచి రిమ్ము చూస్తాడు. మధ్యమధ్యలో అట్లాగే మెడ వంచి నన్నూ చూసుకుంటాడు.