మస్తాన్ మోకాలికి వెనకదారి

కొండ మీది ఆర్మీ ఆసుపత్రికి నేను చేరేసరికి మంచు బూట్లలోకి దూరుతోంది. నా డ్యూటీ ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్. సర్జన్ మేజర్ మేడమ్ ఇచ్చిన మొదటి ఆర్డర్: "జెనరేటర్ ఆగకూడదు. నీ చెయ్యి వణక్కూడదు." గుంటూరు ఎండల్లో పుట్టినవాణ్ణి, వణక్కుండా ఎలా? "యస్ మేడమ్" అన్నాను.

ఒక మధ్యాహ్నం వైర్‌లెస్ పలికింది. "జవాను జారిపడ్డాడు. మోకాలు. పాదంలో స్పర్శ ఉంది. ఓవర్."

స్ట్రెచర్ మీద వచ్చినవాడు రేడియో ఆపరేటర్ మస్తాన్. నొప్పికి "అమ్మా" అన్నాడు.

"ఏ ఊర్రా?"

"ప్రత్తిపాడన్నా."

"నాది పెదకాకాని. ఇంకేం భయం లేదులే." అన్నానే గానీ, భయం నాకే ఎక్కువ.

వాపు తగ్గి చర్మం ముడతలు పడేదాకా కత్తి పెట్టరు. ఆగాం. మోకాలి కింది ఎముక వెనకవైపు ఒక ముక్క విరిగి జారినట్టు స్కాన్‌లో కనపడింది. ముందునుంచి కోస్తే దారి సులువే, కానీ ఆ ముక్క అందదు. వెనకనుంచి వెళ్తే అందుతుంది, కానీ పక్కనే కాలికి రక్తం మోసే పెద్ద నాళం. అది తెగితే కాలే పోవచ్చు.

"ముందునుంచి చేసినా నడుస్తాడు. ఇంటి దగ్గర ఏం పని?" మేడమ్ అడిగారు.

"మిరప, మేడమ్. కళ్లంలో రోజంతా గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరాలి."

ఆవిడకి అర్థం కాలేదు. కోటూ బూట్లతోనే వార్డులో గొంతుక్కూర్చుని, రంగుపోయిన కాయలు ఏరి పారేస్తున్నట్టు చేసి చూపించాను. మస్తాన్ అంత నొప్పిలోనూ పగలబడి నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

"ముందునుంచి చేస్తే, అంత మడతకి వెనక ముక్క నిలవదు. ముప్పేమిటో వాడికి దాచకుండా చెప్పు."

చెప్పాను.

"కళ్లంలో కుర్చీ వేసుకుని కూచుంటే మా అమ్మే నవ్వుద్దన్నా. వెనకనుంచే కానీమను."

బోర్లా పడుకోబెట్టాం. కండనీ, దాంతోపాటు ఆ నాళాన్నీ పక్కకి లాగి పట్టుకోవడం నా పని. మేడమ్ ముక్కని పైకెత్తి, ప్లేటు ఆనించి, స్క్రూలు బిగించారు. రక్తం ఆపడానికి తొడకి బిగించిన పట్టీ వదిలాక పాలిపోయిన పాదం మెల్లగా ఎర్రబడింది. "శభాష్, వణకలేదు" అన్నారు మేడమ్. అబ్బ, ఆ మాట చాలు నా సర్వీసుకి!

రిటైరై వచ్చాక "తుపాకీ పేల్చావా?" అని అడుగుతారు మావాళ్లు. లేదనే చెబుతాను, గర్వంగా.

పోయిన మిరప కోతలకి ప్రత్తిపాడు వెళ్లాను. సెలవు మీద వచ్చిన మస్తాన్ కళ్లంలో వాళ్లమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "అన్నా!" అని కేకేశాడు. ఆ తర్వాతది నా కళ్లముందు నుంచి పోదు. రెండు చేతుల నిండా ఎర్రటి కాయలతో, నేలకి చెయ్యి ఆనించకుండా లేచాడు.