ఉంచు, ఉంచుకో

ఆదివారం మధ్యాహ్నాలు సీతాఫల్‌మండిలో ఒక మేడమీది గదిలో మేం పాచికలతో ఒక ఆట ఆడతాం. నేనూ, ఒక అమ్మాయీ సాహసవీరులం. మూడోవాడు కథ నడుపుతాడు; దారిలో ఎదురయ్యే రాజు, దొంగ, రాక్షసి, దుకాణదారు అందరూ వాడే. మాయశక్తి ఉన్న ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క ఉంటుంది. నా నోటుబుక్కులో ఒకటో నియమం: అట్ట ఎవరి చేతిలో ఉంటే వస్తువు వాళ్లది. రెండోది: బల్ల దగ్గర నోటితో అన్నది జరిగిపోయినట్టే.

ఈ ఆట మాకు నేర్పిన స్నేహితుడు ఉద్యోగం మారి పుణె వెళ్లాడు. ఆఖరి ఆదివారం తన వీరుణ్ణి చంపేసుకుని, వాడి కత్తిని నాకిచ్చాడు. చీకట్లో వెలిగే కత్తి. అట్ట మీద పెన్సిలుతో తనే గీశాడు. పిడి మీద ఒక బల్లి. మా గదిలో ట్యూబ్‌లైటు వెనకుండే బల్లే అది.

కొన్నాళ్లకు ఆటలో మాకొక బురదనది అడ్డమొచ్చింది. ఇనుము పట్టుకుని దిగితే మునిగిపోతాం. ఒడ్డున దుకాణదారు చేతికి అట్ట ఇచ్చి, "కత్తి ఉంచుకో" అన్నాను. నది దాటి, పని ముగించి, తిరిగొచ్చాం.

"నా కత్తి?"

"ఏ కత్తి అన్నా?" దుకాణదారుగా మాట్లాడేటప్పుడు వాడు నన్ను అన్నా అంటాడు, మామూలుగా అయితే రా.

"నీకిచ్చి వెళ్లానుగా!"

"ఉంచుకో అన్నవ్, ఉంచుకున్న. దాచిపెట్టాలంటే ఉంచు అనాలె. ఉంచుకో అంటే నాకే అన్నట్టు. మీ ఆంధ్రోళ్లే కదా అన్నా మాకు తెలుగు నేర్పేది!"

అమ్మాయి నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసింది. వాడు అట్ట వెనక పెన్నుతో ధర రాశాడు. మా ఇద్దరి సామానంతా అమ్మినా అందని ధర. బల్లి బొమ్మ వెనక, పెన్నుతో.

"అది వాడు పుణె వెళ్తూ నాకోసం గీసిందిరా" అన్నాను, మామూలు గొంతుతో.

"కొనుక్కో మరి. బేరం లేదు."

మళ్లీ అడగలేదు. లిస్టు మొదలుపెట్టాను.

వాడు మిగతా రోజుల్లో వాళ్ల నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. వాడి నోరు ఆ దుకాణానిదే. అయిదు ఆదివారాలు వాడు దుకాణదారుగా అన్న ప్రతి మాటా రాసుకున్నాను. నాక్కావలసిన మాట మూడుసార్లు దొర్లింది. మూడుసార్లూ మా ఇద్దరిలో ఒకరు ధర అడిగి, వస్తువు కింద పెట్టి, లేచి వెళ్లబోయారు.

ఆరో ఆదివారం వాడు పదకొండు అట్టలు బల్ల మీద పరిచాడు. ఉంగరం ధర అడిగాను, కింద పెట్టాను. కంబళి ధర అడిగాను, కింద పెట్టాను. కత్తి వైపు చూడలేదు.

"పక్క ఊళ్లో చూస్తాలే" అని లేచాను.

"అరే, గట్ల పోతవేందన్నా! నీ దుకాణమే అనుకో. ఏది కావాల్నంటే అది తీస్కో!"

కూర్చున్నాను. ముందు కత్తి తీసుకున్నాను. తర్వాత ఉంగరం, కంబళి, వరసగా మిగతావన్నీ.

"ఏందిరా ఇది?"

"తీస్కో అన్నావు, తీసుకున్నాను. నా దుకాణం అనుకోమన్నావు, అనుకున్నాను."

"పైసలు?"

"ఆ మాట నువ్వనలేదు."

వాడు అమ్మాయి వైపు తిరిగాడు. "జెర నువ్వన్నా చెప్పు!"

"నోటితోని అన్నవ్ కదరా" అంది ఆమె. ఈసారి చాయ్ గ్లాసు ముందే పక్కన పెట్టుకుంది.

వాడి ముఖం చూశాను. ఆ అయిదు ఆదివారాలూ నేను ఎదురుచూసింది సరిగ్గా ఆ ముఖం కోసమే. జాలి వేస్తుందేమోనని కాసేపు ఆగాను. వేయలేదు. జేబులోంచి రబ్బరు తీసి, అట్ట వెనక పెన్నుతో రాసిన ధరను రుద్దాను. పోలేదు. దాంతో ఉన్న కాస్త మెతకదనం కూడా పోయింది.

"దుకాణం ఖాళీ అయితే ఆట ఎట్ల నడుస్తది రా? ఒక్కటన్నా ఉంచు."

అన్నిటికన్నా పనికిరానిది ఏరాను. వాన వచ్చే ముందు మోగే గంట. దాన్ని వాడి ముందు పెట్టాను.

"ఉంచాను" అన్నాను. "ఉంచుకో అనలేదు."

వాడు చాపిన చెయ్యి గంట మీదే ఆగిపోయింది.