శాలువ మీంచి విన్న గుండె

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కచేరీకి వస్తే తహసీల్దారు లేచి నిలబడేవాడట. తాత గుర్రం దిగకుండానే తీర్పులు చెప్పిన మనిషి. నా దాకా వచ్చేసరికి మేముండే కోటలాంటి గడి గోడలూ, మా పద్ధతులూ మిగిలాయి. గోడలు కూలుతున్నా పద్ధతులు మాత్రం నేను సడలనివ్వలేదు.

మా ఆడవాళ్లు ఆస్పత్రి మెట్లెక్కరు. డాక్టరే గడికి రావాలి. డెబ్బైల చివర, నాలుగడుగులు వేస్తే నా చెల్లెలికి ఆయాసం వస్తుంటే, మంచిర్యాల నుంచి ఒక డాక్టరును జీపులో పిలిపించాను.

"దొరా, జర శాలువ తీయిస్తే గుండె మంచిగ వినబడ్తది" అన్నాడాయన.

"మా ఇంట్ల గట్ల నడువది. మీదికెల్లే చూడుండ్రి" అన్నాను.

మందపాటి ఉన్ని శాలువ మీదే గొట్టం ఆనించి విన్నాడు. చెల్లెలు నవ్వింది. "అన్నా, గాయనకు గొర్రె గుండె వినబడ్తున్నట్టుంది."

నేను కసిరాను. డాక్టరు అది దమ్ము, ఉబ్బసం అని చెప్పి, మందులు రాసిచ్చి వెళ్లాడు.

మూడేళ్లు ఆ మందులే మింగింది. ఒకనాడు దగ్గితే కొంగు మీద రక్తం పడింది. అప్పుడు భయపడి, కరీంనగర్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆమె తెర వెనుక చాలాసేపు విని వచ్చి, చీటీ వెనుక బొమ్మ గీసింది.

"ఒళ్లంత తిరిగిన రక్తం గుండె కుడి దిక్కుకు వస్తది. అక్కడికెల్లి ఊపిరితిత్తులకు పోయి, గాలి పట్టుకొని ఎడమ దిక్కుకు వస్తది. గా ఎడమ దిక్కు రెండు అరల నడుమ ఒక తలుపుంటది. అది దాటితేనే మళ్ల ఒళ్లంతకు పోతది. మీ చెల్లెకు గా తలుపు బిగుసుకపోయింది. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తులల్ల నిలుస్తున్నది. గందుకే ఆయాసం. మొదట్లనే పట్టుకుంటే ఆపరేషన్ చేసి తెరిచేటోళ్లు. చప్పుడు సాఫ్‌గ వినబడ్తనే ఉన్నది. ఇంతకుముందు ఎవ్వరు వినలేదా?"

"విన్నరు" అన్నాను. ఎట్లా విన్నారో చెప్పలేదు. పక్కనే కూర్చున్న చెల్లెలు నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. తనూ చెప్పలేదు.

హైదరాబాద్ డాక్టర్లు, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయనీ, ఇక ఆపరేషన్‌కు తట్టుకోలేదనీ అన్నారు. ఐదు నెలలు అక్కడి వార్డులో, పదిమంది నడుమ మంచం మీద ఉండి, అక్కడే కన్నుమూసింది. ఆ ఐదు నెలల ఖర్చుకు చెరువు కింది ఎనిమిదెకరాల పొలం అమ్మాను.