ఎస్ నొక్కిన రోజు

మా కంప్యూటర్ మేడం మొన్న సోమవారం పోయారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. వినగానే ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఇక నేనేదైనా పాడు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి అనుకున్నాను. యాభై దాటిన మనిషికి రావాల్సిన ఆలోచన కాదు, కానీ అదే వచ్చింది.

తొంభైల్లో కరీంనగర్‌లో ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఆమె నల్ల అట్ట డైరీ గుర్తుండే ఉంటుంది. ఏ కంప్యూటర్‌లో ఏ ఫైలు ఉంది, దాని తేదీ, సైజు, అన్నీ అందులో రాసుకునేవారు. కంప్యూటర్‌కు జాతకం రాస్తున్నారని మేము వెనక నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు నాకు తగిన శాస్తే జరిగింది.

నా మొదటి ఉద్యోగం ఒక కాన్పుల దవాఖానలో. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు వెతికే ప్రోగ్రాంను మేడం నేర్పిన సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో నేనే రాశాను. కొత్త వెర్షన్ సీడీ దొరికిందన్న సంబరంలో ఒకరోజు పొద్దున అదే కంప్యూటర్‌లో ఎక్కించాను. ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫైలు ఉంది, దాన్ని మార్చనా అని అది ఇంగ్లీషులో అడుగుతుంటే, కాదంటే ఏమవుతుందోనని అడిగినప్పుడల్లా ఎస్ నొక్కాను.

పదకొండింటికి హుస్నాబాద్ వైపు నుంచి ఒకామెను జీపులో తెచ్చారు. కాన్పయింది, నెత్తురు ఆగడం లేదు. ఓ నెగెటివ్ వాళ్లు కావాలని సిస్టరమ్మ పరుగున వచ్చింది. ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఫైలు వెర్షన్ సరిపోలేదన్న మాట ఒక్కటే తెర మీద. గోడకున్న పాత కాగితంలో ఆ గ్రూపు వాళ్లు ఇద్దరే, ఇద్దరూ దుబాయి వెళ్లిపోయారు. ఆమె చస్తే చంపింది నేనే.

ఫోన్ చేసిన పది నిమిషాల్లో మేడం మోపెడ్ మీద వచ్చారు, డైరీతో, పాత ఫైళ్లున్న ఫ్లాపీతో. తిట్టలేదు. ఏమేం నొక్కానో వరుసగా చెప్పమన్నారు. అన్నిటికీ ఎస్ అన్నానని ఏడుస్తూ చెప్పాను.

"భయమైతే సరే అనుడు మనకలవాటు బిడ్డా. ఇంట్ల బాపుకు అంటం, బడిల సారుకు అంటం. గీ మిషన్‌కు మాత్రం చదవకుంట అనకు," అన్నారు.

డైరీలో వేలు పెట్టి ఒక్కో ఫైలు తేదీ సరిచూశారు. మా ప్రోగ్రాం వాడే ఫైళ్లలో ఒక్కదాని తేదీ తేడాగా దొరికింది. కొత్త వెర్షన్ పనిచేయకపోతే పోనీ అని ఆ కొత్త ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, ఫ్లాపీలోని పాత ఫైలును ఆ చోట పెట్టారు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు. అది లేచేంతసేపూ లోపలి గదిలోంచి ఎవరో ముసలామె ఏడుపు వినిపిస్తూనే ఉంది.

పేర్లు తెరుచుకున్నాయి. బస్టాండు దగ్గర బట్టలు కుట్టే ఆయన దొరికాడు, మెడలో టేపుతోనే వచ్చాడు. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. తర్వాత పాతికేళ్లు నేను ఇదే పనిలో బతికాను. అది ఆ రోజు మేడం పెట్టిన భిక్షే.

ఆ సాయంత్రం టీ తెప్పించి, మీకు భయమే వేయదా అని అడిగాను.

"ఎందుకెయ్యదు? మోపెడ్ తాళం తిప్పనీకి చెయ్యి రాలే. చెప్తే నువ్వింకింత ఆగమైతవని చెప్పలే," అన్నారు.

గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. అయినా టీ చీర మీద ఒలుకుతూనే ఉంది.