మామగారితో భైరవకోనకు

మా మామగారు పోయారన్న కబురు నాకు మనుబోలులో అందింది. మా అక్కకు ఒంట్లో బాగాలేదంటే చూసి వద్దామని వెళ్లాను. పొద్దున్నే మా పాలేరు వాకిట్లోకి వచ్చి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"పెద్దాయన పోయినాడమ్మా. నిద్దర్లోనే. పలకరించబోతే పలకలా. చిన్నాయన మిమ్మల్ని తీసకరమ్మన్నాడు."

మా ఊరు కోటకు తిరిగొచ్చే బస్సులో నాకు ఏడుపు రాలేదు. కాలవలు, వంతెనలు, రైలుకట్ట, కిటికీలోంచి కనిపించేవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన నాకు చూపించినవే. ఇల్లు చేరి, అరుగు మీద ఆయన్ని పడుకోబెట్టిన చాప అంచు చూశాక మాత్రం ఆగలేకపోయాను.

ఇది జరిగి నెల దాటింది. మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. సముద్రపు గాలి తగిలే పొలాల్లో మొలగొలుకుల వరి పండించుకుని బతికిన రైతు. ఒక కోడలు మామగారి గురించి రాయడం మా వైపు వాడుకలో లేని పని. కానీ ఈ రోజు ఈ ఇంట్లో కూర్చుని నేను ఇది రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే. అందుకని రాస్తున్నాను.

ఆయనకు చూడటమంటే పిచ్చి. పెన్నకు వరదొచ్చిందంటే చూడటానికి నెల్లూరు పోయేవారు. పులికాట్ నీళ్లలో కొంగలు దిగాయంటే సద్దిమూట కట్టుకుని బయలుదేరేవారు. ఎక్కడో కొత్త వంతెన వేస్తున్నారని విని రెండు బస్సులు మారి వెళ్లి, దాని కింద నిలబడి తల పైకెత్తి చూసి, ఏమీ కొనకుండా తిరిగొచ్చేవారు. ఎందుకింత అవస్థ అని ఎవరైనా నవ్వితే, "చూసొస్తే ఏం పోయింది?" అనేవారు. అంతకుమించి వాదించేవారు కాదు.

వచ్చాక కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుని, చూసినదంతా కంచంలోనే చెప్పేవారు. అన్నం ముద్ద ఒక గట్టు. మజ్జిగ ఏరు. ఎండుమిరపకాయ అడ్డం పెడితే వంతెన. మా ఆయనకు ఈ కథలు వినే ఓపిక ఉండేది కాదు. వడ్డించే నేనే వినేదాన్ని. కొత్త కాపురంలో, గూడూరు వదిలివచ్చిన దిగులులో, ఆ ఇంట్లో నాకు ముందుగా చనువైన మనిషి ఆయనే.

నా పెళ్లయిన మూడేళ్లలో ఇద్దరు బిడ్డలు పోయారు. మొదటిది పురిట్లోనే పోయింది. రెండోవాడు నెల తిరక్కుండా పోయాడు. నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇక కానుపు మీద ఆశ పెట్టుకోవద్దమ్మా అని మెల్లగా చెప్పింది.

మా ఇంట్లో పెత్తనం మామగారి అక్కది. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన ఈ పెద్దత్తే ఇల్లు చక్కబెట్టేది. ఆవిడ చెడ్డది కాదు. రెండు పురుళ్లకూ నాకు కాయం మందు నూరి తినిపించింది ఆవిడే. కానీ డాక్టరమ్మ మాట విన్నాక ఆవిడ నన్ను చూసే చూపు మారింది. చుట్టాల్లో ఎవరికి పెళ్లీడు పిల్లలున్నారో ఆరా తీయడం మొదలుపెట్టింది. మా ఆయనకు రెండో పెళ్లి చేయాలన్న మాట గోడ అవతల వినిపించేది. నేను గోడకు ఇవతల బియ్యం ఏరుకుంటూ ఉండేదాన్ని. మా ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఆ ఏడు నూర్పిళ్లు అయ్యాక ఒక రోజు మామగారు అందరి ముందూ అన్నారు: "ఉదయగిరి అవతల భైరవకోన అని ఉండాదంట. కొండను తొలిచి గుళ్లు చేసినారంట. పోయి చూసొద్దాం. అమ్మాయ్, నువ్వు కూడా రా."

పక్కింటాయన అడిగాడు. "ఏందన్నా, కోడలికి మొక్కుందా?"

"మొక్కూ లేదు, ఏం లేదు. చూసేదానికి పోతా ఉండాం."

పెద్దత్త ఎప్పుడూ గడప దాటని మనిషి. ఆవిడ కూడా వస్తానంటే నాకు ఆశ్చర్యమేసింది.

మా ఆయనతో కలిపి నలుగురం బయలుదేరాం. నెల్లూరు మీదుగా ఉదయగిరి, అక్కణ్ణుంచి సీతారామపురం. ఒళ్లంతా ఎర్రదుమ్ము. రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే ఎద్దుల బండి మాట్లాడుకున్నాం. మా వైపు నేల కంచంలా చదునుగా ఉంటుంది. దారికి రెండు పక్కలా కొండలు లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. కోన దగ్గరపడే కొద్దీ ముందు నీటి చప్పుడు, తర్వాత చల్లగాలి. బండి దిగి మలుపు తిరిగితే ఎదురుగా ఒకటే రాతి గోడ. దాని పొట్టలోకి వరుసగా తొలిచిన గుళ్లు. గుమ్మాలకు రెండు వైపులా గదల మీద బరువు మోపి నిలబడ్డ ద్వారపాలకులు. స్తంభాల మొదట్లో కూర్చున్న సింహాలు. లోపల చీకట్లో శివలింగం.

మామగారు చెప్పులు విడిచి, ఒక్కొక్క గుడి ముందూ నిలబడుతూ పోయారు. రాతి మీద ఉలి దెబ్బలు పడిన చోట అరచెయ్యి ఆనించి చూసేవారు. మా ఆయన తండ్రి వెనకే వెళ్లాడు.

అప్పుడు పెద్దత్త నన్ను జలపాతం వైపు తీసుకుపోయింది. సంచిలోంచి పసుపు అద్దిన కొత్త చీర తీసింది.

"ఇది కట్టుకోని మునిగి రా. స్వామి ముందర వరపడు" అంది.

వరపడటమంటే, పిల్లలు లేనివాళ్లు తడిబట్టలతో దేవుడి ముందు బోర్లా పడుకుని, కలలో పండో పువ్వో కనిపించేదాకా లేవకుండా ఉండటం.

"డాక్టరమ్మ లేదని చెప్పింది గదత్తా" అన్నాను.

"డాక్టరమ్మ దేవుడా? ఇదే ఆఖరు. కల పడిందా సరే. పళ్లేదా, ఇంటికి పోయినాక నేను చూసిపెట్టిన పిల్ల తరపోళ్లకి మాటిచ్చేస్తా. నా మీద కోపం పెట్టుకోబాక."

ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. చీర అందుకుని కట్టుకున్నాను. జలపాతం నీళ్లు మంచులా ఉన్నాయి. మునిగి, వణుకుతూ వచ్చి గుడి ముందు రాతి మీద మోకాళ్లు ఆనించాను. పక్క గుడిలోంచి మామగారు బయటికొచ్చారు.

"ఏందక్కా ఇది?"

"నువ్వు గమ్మునుండు తమ్ముడూ. ఇది ఆడోళ్ల పని."

ఆయన నా దగ్గరికొచ్చి, కాస్త దూరంలో గొంతుకూర్చున్నారు.

"అమ్మాయ్, నీకు వరపడాలని ఉండాదా?"

ఆ మూడేళ్లలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఏం తినాలో, ఏం తాగాలో, ఏ చెట్టు చుట్టూ తిరగాలో చెప్పారు. అడిగింది ఆయన ఒక్కరే. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"లేదు మామా" అన్నాను.

"అయితే లెయ్. పోయి చీర మార్చుకో. ఇంకా చూడాల్సింది శానా ఉండాది."

భుజం మీది కండువా తీసి నాకందించారు. లేచి అక్క వైపు తిరిగారు. "నా కోడలు ఈడికి చూసేదానికి వచ్చింది. అడుక్కునేదానికి రాలేదు. వాడికి ఇంకో పెళ్లి మాట ఇంక మనింట్లో వద్దు. ఏరా, నీకు కావాల్నా?"

మా ఆయన తల వంచుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు. "నాకొద్దు నాయనా. ముందే చెప్పాల్సింది" అన్నాడు.

పెద్దత్త అక్కడే కూలబడి బావురుమంది. "మన పేరు నిలబెట్టేదెవురురా? రేపు మనకు నీళ్లొదిలేదెవురు?"

మామగారు ఆవిడ పక్కన కూర్చున్నారు. గొంతు తగ్గించారు. "అక్కా, ఈ కొండ తొలిచినోడి పేరు నీకు తెల్సా? వాడి బిడ్డలెవురో, మనమలెవురో ఎవురికన్నా తెల్సా? అయినా మనం రెండు రోజులు దుమ్ము తిని వచ్చినాం గదా, వాడు చేసింది చూసేదానికి."

ఆవిడ చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ రాతి వైపు చూస్తూ ఉండిపోయింది. నేను పొడి చీర కట్టుకుని వచ్చేసరికి ఏటి ఒడ్డున సద్దిమూట విప్పి ఉంది. పెద్దత్త ఆకులు పరిచి పెరుగన్నం మొదట నాకే పెట్టింది. "ఒణుకుతుండావు, తిను" అంది. ఆ పసుపు చీరను ఆవిడ తిరుగు దారిలో సత్రం ఊడ్చే మనిషికి ఇచ్చేసింది.

మధ్యాహ్నమంతా మామగారు నన్ను వెంటబెట్టుకుని గుళ్లన్నీ మళ్లీ మొదటినుంచి చూపించారు. ఒక ద్వారపాలకుడి మొహంలో నవ్వుందా లేదా అని మా ఇద్దరికీ వాదన వచ్చింది. ఉందని నేను, లేదని ఆయన. బిడ్డలు పోయాక నేను గట్టిగా మాట్లాడింది అప్పుడే.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఆయనే మా ఆయనతో చెప్పి నన్ను నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేర్పించారు. నేను ఎస్సెల్సీ పాసై పెళ్లితో చదువు ఆపిన సంగతి ఆయన మరిచిపోలేదు. ఇప్పుడు మా ఊరి బడిలో చిన్న తరగతులు నావే. నాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా జాలిపడి మాట్లాడలేదు. పెద్దత్త బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ "మా కోడలు టీచరు" అని చెప్పుకుంది. పోయేముందు నా చేతి నీళ్లే తాగింది.

చివరి ఏడాది మామగారికి నడక తగ్గింది. చూపు కూడా మందగించింది. నేను మనుబోలు బయలుదేరిన రోజు, రావద్దన్నా వినకుండా కర్ర పోటు వేసుకుంటూ రోడ్డు దాకా వచ్చారు. బస్సులో నాకు వెనక సీటు దొరికింది. వెనక్కి తిరిగి చూశాను. కోతకొచ్చిన చేను పక్కన, గట్టు మీద నిలబడి, ఎండకు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారు. గాలికి పంచె అంచు కదులుతోంది. ఆయనకు అంత దూరంలో బస్సు ఒక మసకలా కనిపిస్తుందేమో, అంతే. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.