మా తమ్ముడి రెండో దారి

రెండు వారాల కింద శుక్రవారం పొద్దున, నాంపల్లి స్టేషన్లో బండి కూత వేసే వేళకు, మా తమ్ముడు కన్నుమూశాడు. దవాఖానలో కాదు, ఇంట్లోనే. ముందు తలుపూ వెనక తలుపూ రెండూ కనబడేట్టు నడిమి గదిలో మంచం వేయించుకున్నాడు. "తలుపులు తెరిచే ఉన్నయా అక్కా?" అన్నది వాడి చివరి మాట. ఉన్నాయన్నాను.

వాడి దగ్గర పనిచేసినవాళ్ళు వచ్చి నాలుగు మాటలు రాయమన్నారు. పొద్దున నామాలు చదువుకోవడం, సాయంత్రం దీపం పెట్టుకోవడం, మధ్యలో మాట్లాడేది తక్కువ. అట్లాంటి మనిషిని నేను. అయినా తోడబుట్టిన అందరిలో పెద్దదాన్ని. వాడికి నడక నేర్పినదాన్ని. రాస్తున్నాను.

వాడిది గనుల తనిఖీ ఉద్యోగం. రాష్ట్రం ఒక్కటైన ఏడాది నాంపల్లి ఆఫీసులో కొందరు ఇన్‌స్పెక్టర్ల మీద వాణ్ణి పెద్ద అధికారిగా వేశారు. వాళ్ళు ఊరూరా తిరిగి గనుల్లోకి దిగుతారు. కప్పును కర్రతో కొట్టి చూస్తారు, గాలి చూస్తారు, కూలీల దగ్గూ దుమ్మూ చూస్తారు. ప్రాణం మీదికి వచ్చేట్టుంటే పని ఆపాలని రాస్తారు. ఆపాలా వద్దా అనే చివరి మాట మా తమ్ముడిది. పేరుకు పెద్ద కుర్చీ. "గని లోపల గూడ ఇంత ఇరుకు లేదక్కా, ఈ కుర్చీల ఊపిరాడ్తలేదు" అనేవాడు. దిగేది వేరేవాళ్ళు. వాళ్ళు పైకి వచ్చేదాకా కూర్చోవలసింది వాడు.

ఇన్‌స్పెక్టరు గనిలోంచి రాగానే తంతి కొట్టాలని వాడి నియమం. ఒకటే మాట, "పైకి వచ్చాం" అని. ఆ తంతి అందేదాకా వాడు అన్నం డబ్బా విప్పడు. ఒకసారి కొత్తగా పెళ్ళైన ఇన్‌స్పెక్టరు ఒకతను గనిలోంచి వచ్చి, అటే సినిమాకు పోయి, తంతి సంగతి మరిచిపోయాడు. మర్నాడు ఆఫీసుకు రాగానే మా తమ్ముడు డబ్బా ముందుకు జరిపాడు.

"తిను."

"ఇంటికాడ తినొచ్చిన సార్."

"ఇది నిన్నటిది. నువ్వు పైకి వచ్చినవని తెల్వక నేను ముట్టలేదు. జర పాసిపోయింది. గయినా తిను."

ఆ ఇన్‌స్పెక్టరే మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాడు. "పులిసిన పప్పుతో సహా తిన్న అక్కగారూ. మళ్ళ జన్మల తంతి మరువ" అన్నాడు. మా మరదలు నవ్వలేక చచ్చింది.

ఎక్కడికి పోయినా వాడికి ఒకటే యావ, రెండో దారి ఎక్కడుందని. ఆబిడ్స్‌లో సినిమా హాలుకు పోతే రెండో తలుపు కనబడేదాకా కూర్చోడు. బంధువుల పిల్లవాడికి పెళ్ళిచూపులకు తోలుకపోతే అక్కడా కప్పే చూశాడు. "పిల్ల మంచిగున్నదా చూడుమంటే, దూలం మంచిగున్నదని చూసొచ్చిండు మా ఆయన" అని మరదలు ఇప్పటికీ చెబుతుంది.

ఇంట్లో మాత్రం ఈ విషయంలో నాకూ వాడికీ పడేది కాదు. సాయంత్రం దీపం పెట్టే వేళ ముందు తలుపు తెరిచి వెనక తలుపు మూయడం మన ఆచారం. ముందు నుంచి వచ్చిన లక్ష్మి వెనక నుంచి పోగూడదని. నేను గడియ పెట్టే చప్పుడు వినబడితే చాలు, వాడు లేచేవాడు.

"ఎందుకు మూస్తున్నవక్కా?"

"లక్ష్మీదేవి వచ్చే వేళరా."

"రానీ, మంచిదే. పోయే దారి లేని ఇంట్లకు ఆమెను గూడ పిలువొద్దు."

"నోరు మూసుకో. గాలికి దీపం కొండెక్కుతది."

"దీపం వంగితే గాలి నడుస్తున్నట్టు. నిటారుగ నిలబడ్డ దీపం చూస్తెనే నాకు భయం."

ఎందుకు భయమో ఒక్కసారే చెప్పాడు. ఉద్యోగం కొత్తలో ఒక గనిలోకి దిగాడట. వాడూ గని మేస్త్రీ లోపల ఉండగానే వచ్చిన దారి కూలిపోయింది. ఎంతసేపు ఉన్నావురా అంటే, "గాడ పొద్దు ఉంటదా అక్కా?" అన్నాడు. చేతిలో కొవ్వొత్తి. మంట కదలకుండా నిలబడింది, అంటే గాలి లేదు. చాలాసేపు తడుముకుంటూ తిరిగాక ఒకచోట మంట కొంచెం పక్కకు వంగింది. ఆ గాలిని పట్టుకుని పాకితే ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత సొరంగం దొరికింది. అందులోంచి పైకి వచ్చారు. "అప్పటిసంది నాకు దేవుడంటే వంగిన దీపమే" అన్నాడు. అప్పుడు నేను చెంపలు వేసుకున్నాను, దేవుణ్ణి అట్లా అనొచ్చునా అని.

ఇక ఆ అభ్రకం గని సంగతి. దూరంగా కోస్తా వైపు గని అది. రెండు దారుల్లో ఒకటి కూలింది. లోపల ఎవరూ లేరు, దేవుడి దయ. రెండో దారి బాగయ్యేదాకా ఎవరినీ దింపొద్దని మా తమ్ముడు పని ఆపించాడు. అప్పటినుంచి నాలుగు వైపులా గోడలే వాడికి. పైవాళ్ళు, ఇంత చాదస్తమెందుకన్నారు. యజమాని మనిషి మొజంజాహీ మార్కెట్ నుంచి పండ్ల బుట్ట పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మార్కెట్‌కు ఎన్ని దర్వాజలున్నయో చూసిన్రా?" అని అడిగాడు మా తమ్ముడు.

"చానా ఉన్నాయి సార్."

"పండ్లకే అన్ని దర్వాజలుంటె, మనుషులకు రెండన్న ఉండొద్దా?"

బుట్ట వచ్చినట్టే పోయింది.

సొంత ఇన్‌స్పెక్టర్లకే మనసొప్పలేదు. ఆ పులిసిన పప్పు ఇన్‌స్పెక్టరే మా ముందు గదిలో నిలబడి వాదించాడు. "ఉన్న దారి గట్టిగున్నది సార్. నేనే కర్రతోని కొట్టి చూసిన. బండ ఖంగుమన్నది."

"రేపు గూడ ఖంగుమంటదని రాసిస్తవా?"

"గట్లెట్ల రాసిస్త సార్?"

"మరి నేనెట్ల రాసియ్యాలె?"

తర్వాత కూలీలు వచ్చారు, రైలెక్కి, నాంపల్లి దాకా. ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదని స్టేషన్లోనే కూర్చున్నారు. అందులో ఒకామె మాత్రం ఇల్లు కనుక్కుని సందులోంచి వెనక తలుపు దగ్గరికి, నా దగ్గరికి వచ్చింది. ఆమె పెనిమిటి ఆ గనిలో రాయి కొట్టేవాడు.

"అమ్మా, నువ్వు అక్కవంట గదా. గని తెరవమని ఒక మాట చెప్పమ్మా. రాయి పడితే చస్తామో చావమో. ఇట్టా అయితే ఆకలికి చచ్చేది ఖాయం."

లోపలికి పోయి చెప్పాను.

"నువ్వు గూడ అడుగుతున్నవా అక్కా?" అన్నాడు.

"నేను అడుగుతలేను. ఆమె చెప్పుమన్నది చెప్పిన."

వాడు వెనక వసారాలోకి వచ్చి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "తల్లీ, నీ పెనిమిటిని లోపలికి పంపుత. తిరిగొస్తడని నాకెవరు చెప్తరు?"

"రాకుంటే నా ఖర్మ అయ్యా."

"నీ ఖర్మ మీద నేను సంతకం ఎట్ల పెట్టాలె?"

ఆమె లేచింది. అన్నం తిని పొమ్మన్నాను. "మావోళ్ళంతా టేషన్లో కూకోనుండారు, నేనొక్కదాన్నే ఎట్టా తినేది?" అంది. మరదలూ నేనూ పెద్ద గిన్నెలో వండాం. మా తమ్ముడు గిన్నె ఎత్తుకుని వాళ్ళ దగ్గరికి పోయాడు. ఒకతను విస్తరి తోసేశాడట. వాడు మిగిలినవాళ్ళకు వడ్డించి వచ్చాడు.

యజమాని రెండో దారి బాగుచేయించలేదు. గనిని వదిలేశాడు. కూలీలు తలా ఒక దిక్కు పోయారు. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. కొడుకు గౌలిగూడలో మూటలు మోస్తున్నాడట. వెనక తలుపు దగ్గరే కూర్చుని నీళ్ళు తాగింది. "ఆయన పోయాడయ్యా" అంది మా తమ్ముడితో. "రాయి పళ్ళేదు. దగ్గే తీసుకుపోయింది." తిట్టలేదు. దండం కూడా పెట్టలేదు. లేచి పోయింది.

ఆ తర్వాత, రాయి కొట్టేచోట నీళ్ళు చల్లి దుమ్ము అణచకపోతే అక్కడ కూడా పని ఆపించడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్లు చాటున "నీళ్ళ సార్" అనుకునేవారు. వాడికి తెలుసు.

ఒకరోజు నేను వత్తులు చేసుకుంటుంటే వచ్చి కూర్చున్నాడు. "ఆ గని కూలేదో నిలిచేదో ఇగ ఎవరికీ తెల్వదక్కా. కూలితె నేను చెప్పింది నిజమనేటోళ్ళు. ఎవరూ దిగలేదు గనుక నేను వాళ్ళ కూడు తీసినోన్ని. జరగనిదానికి సాక్ష్యం ఎవరు చెప్తరు?"

ఆ గనిలోంచి వాడు చివరిదాకా బయటికి రాలేదనే నా నమ్మకం. మంచం పట్టినాక, వాడి రొమ్ములో కూడా ఆ రాతి దుమ్మే ఉందని దవాఖానలో చెప్పారు. ఊపిరి అందక లేచి కూర్చుని తలుపుల వైపు చూసేవాడు.

సాక్ష్యం ఎవరు చెప్తరని అడిగాడు కదా. నేను చెబుతాను.

నా పెనిమిటి పోయినప్పుడు నాది చిన్న వయసు. అత్తవారింట్లో నాకు ఒక చీకటి కొట్టు ఇచ్చారు. వంటకు బయటికి రావడం, మళ్ళీ అందులోకి పోవడం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అట్లాగే పొద్దు గడిచిపోతుందనుకున్నాను. ఒకసారి చూసిపోవడానికి మా తమ్ముడు వచ్చాడు. అప్పటికే వాడు గనుల్లో దిగుతున్నాడు. కొట్టు గడప మీద నిలబడి కప్పు చూశాడు, గోడలు చూశాడు.

"దీనికి ఇంకో దారి లేదా అక్కా?"

"నాకెందుకురా ఇంకో దారి?"

"సామాన్లు సదురుకో."

అందరూ గలాటా చేశారు. లోకం ఏమంటుందన్నారు. వాడు నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. నాంపల్లిలో దిగాక, ఈ కిరాయి ఇంటి వెనక గది నాకిచ్చాడు. "ఈ తలుపు నీది. నీకెప్పుడు పోబుద్ధయితే అప్పుడు పో, ఎప్పుడు రాబుద్ధయితే అప్పుడు రా" అన్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎక్కడికీ పోలేదు. పోవచ్చునని తెలుసు గనుక ఉండగలిగాను.

ఆ కొట్టులో ఉంటే నేనేమయ్యేదాన్నో ఎవరికీ తెలియదు. అది జరగలేదు. దానికి నేనే సాక్షిని. ఆ గనిలో దిగకుండా మిగిలినవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట, తమకు తెలియకుండానే, సాక్షులై ఉంటారు.

కర్మలన్నీ అయ్యాయి. నిన్న సాయంత్రం దీపం పెట్టబోతూ అలవాటు కొద్దీ వెనక తలుపు దగ్గరికి పోయాను. గడియ మీద చెయ్యి వేశాను.

"వదినే, మూస్తున్నవా?" అంది మరదలు లోపలి నుంచి.

"లేదు" అన్నాను.

రెండు తలుపులూ బార్లా తెరిచి వచ్చి దీపం వెలిగించాను. స్టేషను వైపు నుంచి గాలి వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగాను. దీపం కొండెక్కలేదు. జర పక్కకు వంగింది, వెనక తలుపు వైపు. వంగే వెలుగుతూ ఉంది.